నిద్ర పట్టని రాత్రి మీద చిన్న కథా గేమ్: కాగితం నుంచి లింకు దాకా

ఆలోచనలు ఆగక నిద్ర పట్టని రాత్రి మీద చిన్న గేమ్ చేయాలనుంది, కోడింగ్ రాదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని చాలామంది అడుగుతున్నారు. అందుకని పని ఏ వరుసలో చేయాలో ఆ వరుసలోనే రాస్తున్నాను. పూర్తయ్యాక మీ చేతిలో, చదువుతూ లింకులు నొక్కుకుంటూ పోతే పది పదిహేను నిమిషాల్లో అయిపోయే తెలుగు గేమ్ ఉంటుంది. ఫోన్ బ్రౌజర్‌లో ఆడుకోవచ్చు. ఖర్చు ఏమీ లేదు.

ఒక్క విషయం మొదటే ఒప్పుకోవాలి. ఈ గేమ్‌లో ఆటగాడు ఎంత గట్టిగా ప్రయత్నిస్తే అంత వెనకబడాలి. మామూలు గేమ్‌లకు ఇది పూర్తిగా తిరగేసిన లెక్క. ఇది మింగుడుపడకపోతే కింద రాసినవేవీ కుదరవు.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

లాప్‌టాప్ తెరవకముందు ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాయండి: ఎవరు, ఏ గదిలో, రేపు ఏముంది. ఈ మార్గదర్శి అంతటా నేను వాడే ఉదాహరణ ఇది:

గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద అద్దె గది. రేపు ఉదయం తొమ్మిదిన్నరకు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఇంటర్వ్యూ. ఇప్పుడు రాత్రి 11:10.

ఇంతకు మించి కథ వద్దు. చాలామంది ఇక్కడే ప్రేమకథ, నాన్నతో గొడవ, చిన్నప్పటి సంగతులు అన్నీ కుక్కేస్తారు. అవి రావచ్చు, కానీ ఆలోచనలుగా రావాలి. కథ మాత్రం ఒకే గది, ఒకే రాత్రి.

‘రేపు’ ఎంత కచ్చితంగా ఉంటే అంత పని తేలిక. ‘రేపు ముఖ్యమైన రోజు’ అంటే ఎవరికీ టెన్షన్ రాదు. ‘ఏడింటికల్లా ఎన్టీఆర్ బస్టాండులో విజయవాడ బస్సు ఎక్కాలి, వారధి మీద ట్రాఫిక్ ఆగితే అంతే’ అంటే గుంటూరువాళ్లకు కడుపులో తిప్పుతుంది.

సరిచూసుకోండి:
- గది ఎక్కడో, కిటికీలోంచి ఏం వినిపిస్తుందో రాశారా? (రైలు కూత, కుక్కలు, ఫ్యాన్ టకటక, పక్కవాటాలో టీవీ)
- రేపటి పని ఎన్నింటికో, ఎక్కడో రాశారా?
- ఆ గదిలో చేతికి అందే వస్తువులు ఐదారు రాశారా? (ఫోన్, గడియారం, మంచినీళ్ల సీసా, పెన్ను, దుప్పటి)

## 2. ఆలోచనల చీటీలు

గేమ్‌లో సగం బలం ఇక్కడే ఉంది. తొందరపడకండి.

చిన్న చీటీలు కోసుకుని, ఒక్కో చీటీ మీద ఒక్కో ఆలోచన రాయండి. ముప్పై వచ్చేదాకా ఆపొద్దు. రాత్రిపూట తలలో తిరిగేవి ఎక్కువగా ఐదు రకాలు:

- అనుమానం: గ్యాస్ కట్టేశానా? తలుపు గడియ పడిందా?
- లెక్క: ఇప్పుడు పడుకుంటే ఐదు గంటలు. ఇప్పుడు పడుకుంటే నాలుగున్నర.
- పాత సిగ్గు: ఎనిమిదో తరగతిలో స్టేజీ మీద మాట మర్చిపోవడం.
- జరగని సంభాషణ: వాళ్లు ఇలా అడిగితే నేను ఇలా అంటాను, అప్పుడు వాళ్లు…
- చెత్త: ప్రకటనలో పాట ముక్క, సంబంధం లేని మనిషి పేరు.

ఐదో రకాన్ని వదిలేయొద్దు. గంభీరమైన ఆలోచనలే పేర్చితే అది గేమ్ కాదు, ఏడుపు. మంచం మీద పడి దొర్లుతూ దోమల బ్యాట్ చార్జింగ్ గురించి ఆలోచించే మనిషినే ఆటగాడు నమ్ముతాడు.

తర్వాత చీటీలను గొలుసులుగా కలపండి. ఒక ఆలోచనలో చివరి మాట ఇంకో ఆలోచనకు కొక్కెం కావాలి. ఇదిగో ఒక గొలుసు:

గ్యాస్ కట్టేశానా?
కట్టేశాను. పాలు కాచి కట్టేశాను. పాలు ఫ్రిజ్‌లో పెట్టానా?
ఫ్రిజ్ అంటే గుర్తొచ్చింది, ఈ నెల కరెంటు డబ్బులు ఇంటావిడకు ఇవ్వలేదు.
అందుకేనా మొన్న మెట్ల మీద ఎదురైతే నవ్వలేదు?
రేపు ఇంటర్వ్యూలో కూడా ఎవరూ నవ్వకపోతే?

పాలు, ఫ్రిజ్, కరెంటు, నవ్వు, ఇంటర్వ్యూ. గ్యాస్ నుంచి ఉద్యోగం దాకా ఐదడుగులు. మధ్యలో ఒక్క కొక్కెం తీసేసినా ‘ఇది ఇక్కడికెందుకు వచ్చింది’ అనిపిస్తుంది. ఇలాంటి గొలుసులు నాలుగు చాలు. అన్నీ చివరికి ఇంటర్వ్యూ దగ్గరే తేలనివ్వకండి. ఒకటి ఎటూ చేరకుండా చెత్తలో కలిసిపోవాలి.

భాష సంగతి. ‘నువ్వు మంచం మీద పడుకున్నావు, నువ్వు ఆందోళనగా ఉన్నావు’ అని రాస్తే ఎవరో నిలదీస్తున్నట్టు ఉంటుంది. తనలో తాను అనుకునే మాటలాగే రాయండి: ‘దిండు వేడెక్కింది. తిప్పాలి.’ దీనివల్ల ఇంకో లాభం ఉంది. ‘కట్టేశాను, మర్చిపోయాను’ అనే క్రియల్లో ఆడో మగో తేలదు. ఆడేవాళ్లు ఎవరైనా ఆ మంచం మీద తామే ఉన్నామనుకుంటారు.

## 3. నిద్ర గురించి తెలిసిన నాలుగు సంగతులు, వాటిని నియమాలుగా మార్చడం

‘ఆలోచనలు వస్తాయి, ఆటగాడు వాటిని కొట్టేస్తాడు’ అన్నది అందరికీ మొదట తట్టే ఐడియా. వద్దు. అసలు నిద్రలేమి అలా పనిచేయదు.

తోసేసిన ఆలోచన తిరిగొస్తుంది. 1987లో డేనియల్ వెగ్నర్, తోటి పరిశోధకులు చేసిన ప్రయోగంలో తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పిన మనుషులకు అదే పదే పదే తలలోకి వచ్చింది. గేమ్ నియమం: ‘ఇది ఆలోచించకు’ అనే లింకు నొక్కితే అదే ఆలోచన రెండు అడుగుల తర్వాత వేరే మాటల్లో రావాలి.

గడియారం చూస్తే కంగారు పెరుగుతుంది. నిద్ర సమస్యలకు మందుల్లేకుండా చికిత్స చేసేవాళ్లు గడియారం కనబడకుండా పెట్టమంటారు. గేమ్ నియమం: టైమ్ తెరమీద ఎప్పుడూ కనిపించకూడదు. చూడాలంటే ఆటగాడే గడియారం నొక్కాలి. నొక్కాడా, లెక్కల ఆలోచన మొదలవుతుంది.

నిద్ర రాకపోతే మంచం దిగాలి. 1972లో రిచర్డ్ బూట్జిన్ ప్రతిపాదించిన పద్ధతికి ఇదే ఆధారం. మంచం అంటే మెలకువ అనే అలవాటు ఒంటికి పట్టకూడదని, చాలాసేపటికీ నిద్ర పట్టకపోతే లేచి వేరేచోట కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాక తిరిగి రమ్మంటారు. గేమ్ నియమం: లేవడం ఓటమిలా కనిపించాలి, నిజానికి మేలు చేయాలి.

రేపటి పనులు రాసిపెట్టుకుంటే తేలికపడుతుంది. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 57 మంది యువతీయువకుల మీద చేసిన పరిశోధనలో, పడుకునేముందు ఐదు నిమిషాలు రేపటి పనుల జాబితా రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే త్వరగా నిద్రపోయారు. జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా. గేమ్ నియమం: రేపటి పనుల చీటీ రాసే అవకాశం ఒక్కసారే. ఏం రాయాలో ఆటగాడే ఎంచుకోవాలి. ‘ఇంటర్వ్యూ బాగా చేయాలి’ అని ఎంచుకుంటే ఏమీ మారదు. ‘సర్టిఫికెట్ల ఫైలు చెప్పుల స్టాండు మీద పెట్టాలి’ అని ఎంచుకుంటే ఒక గొలుసు మొత్తం ఆగిపోతుంది. నాకు ఈ గేమ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

## 4. పనిముట్టు ఎంచుకోవడం

ట్వైన్ వాడండి. లింకులతో నడిచే కథా గేమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం. తెలుగు నేరుగా టైప్ చేయొచ్చు. తయారైన గేమ్ ఒక వెబ్ పేజీలా బయటికొస్తుంది కాబట్టి అక్షరాలు కూర్చే పని బ్రౌజర్ చూసుకుంటుంది. బొమ్మల పాత్రలు, సంభాషణలు కావాలంటే రెన్‌పై అనే ఇంకో పనిముట్టు బాగుంటుంది, కానీ ఒకే గది గేమ్‌కు అంత బరువు అనవసరం. చుక్కల బొమ్మలతో చిన్న గేమ్‌లు చేసే బిట్సీ ముచ్చటగా ఉంటుంది. అయితే దాని చుక్కల అక్షరాల్లో తెలుగు ఒత్తులు పెట్టడం తలనొప్పి.

1. ట్వైన్‌ను బ్రౌజర్‌లో కాకుండా కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోండి. బ్రౌజర్‌లో చేసిన కథ ఆ బ్రౌజర్‌లోనే దాచి ఉంటుంది. ఎవరైనా హిస్టరీతోపాటు సైట్ డేటా చెరిపేస్తే కథ కూడా పోతుంది.
2. కొత్త కథ తెరిచి, స్టోరీ ఫార్మాట్‌ను (కథను గేమ్‌గా నడిపించే ఏర్పాటు) షుగర్‌క్యూబ్‌కు మార్చండి. మామూలుగా హార్లో ఉంటుంది. అదీ మంచిదే, కానీ శబ్దాలకు కావలసిన ఏర్పాటు షుగర్‌క్యూబ్‌లో ముందే ఉంది.
3. రెండు డబ్బాలు (ట్వైన్‌లో ‘పాసేజ్’ అంటారు, ఒక్కోటి ఒక్కో తెర) చేసి లింకు కలిపి చూడండి. డబ్బాల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు: [[గడియారం చూడాలి->గడియారం]] (బాణానికి ముందున్నది తెరమీద కనిపించే మాట, తర్వాతది డబ్బా పేరు)
4. వేరియబుల్ (గేమ్ గుర్తుపెట్టుకునే మారే అంకె) పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. తెలుగులో పెడితే షుగర్‌క్యూబ్ ఒప్పుకోదు.
5. పక్కన కనిపించే మెనూ పట్టీని, వెనక్కి వెళ్లే బాణాన్ని తీసేయండి. రాత్రిని వెనక్కి తిప్పే వీలుంటే గడియారానికి విలువ లేదు.

## 5. ఎముకల గూడు ముందు, మాటలు తర్వాత

ఇక్కడ వరుస తప్పితే పని రెట్టింపవుతుంది. అందమైన వాక్యాలు రాసేసి తర్వాత లింకులు కలపబోతే, కలవని వాక్యాలను చెరపడానికి మనసొప్పదు.

మొదటి రోజు ఏడు డబ్బాలు మాత్రమే చేయండి: మంచం, గడియారం, ఫోన్, మంచినీళ్లు, డాబా, చీటీ, తెల్లారడం. ఒక్కోదాంట్లో ఒక్క ముక్క చాలు: ‘ఇక్కడ గడియారం చూస్తారు.’ తెల్లారడం తప్ప అన్నీ మంచం నుంచి బయల్దేరి మంచం దగ్గరికే రావాలి.

రెండో రోజు రెండు వేరియబుల్స్ పెట్టండి. ఒకటి టైమ్, ఇంకోటి మెలకువ. టైమ్‌ను నిమిషాల్లో లెక్కపెట్టుకుంటే సులువు. ప్రతి పనీ కొన్ని నిమిషాలు తింటుంది. మెలకువ 6 దగ్గర మొదలై 0 నుంచి 10 మధ్య తిరుగుతుంది. నా ఉదాహరణలో లెక్క ఇలా ఉంది:

- గడియారం చూస్తే: మెలకువ 2 పెరుగుతుంది, టైమ్ 5 నిమిషాలు
- ‘నిద్రపోవాలి’ అని కళ్లు గట్టిగా మూసుకుంటే: 1 పెరుగుతుంది, 15 నిమిషాలు
- ఫోన్ తీస్తే: 2 పెరుగుతుంది, 40 నిమిషాలు
- లేచి డాబా మీదికెళ్తే: 1 తగ్గుతుంది, 20 నిమిషాలు
- చీటీలో వివరంగా రాస్తే: 2 తగ్గుతుంది, 10 నిమిషాలు
- ఏమీ చేయకుండా ఫ్యాన్ చప్పుడు వింటే: 1 తగ్గుతుంది, 25 నిమిషాలు

ఈ అంకెలు ఆటగాడికి ఎక్కడా చూపించొద్దు. మీటరు కనబడిందంటే దాన్ని సున్నాకు దించడమే పని అనుకుంటాడు. మళ్లీ ప్రయత్నమే అవుతుంది. ఒకే పనిని పదే పదే చేసి గెలవకుండా, రెండోసారి నుంచి డాబా, ఫ్యాన్ ఫలితం సగానికి తగ్గించండి. ఒక డబ్బాకు ఎన్నోసారి వచ్చారో చెప్పే ‘విజిటెడ్’ అనే ఏర్పాటు షుగర్‌క్యూబ్‌లో ఉంది. దాన్నే వాడి రెండో రాకకు మాటలు కూడా మార్చవచ్చు.

మూడో రోజుకు ఆలోచనల గొలుసులు ఎక్కించండి. మెలకువ ఎక్కువున్నప్పుడు ఒకే తెరమీద నాలుగైదు లింకులు ఒకదాని వెనక ఒకటి పడాలి. దీనికి షుగర్‌క్యూబ్‌లో ‘టైమ్‌డ్’ అనే మ్యాక్రో (ముందే తయారుగా ఉన్న ఆదేశం) ఉంది. చదివేలోపు ఇంకోటి వచ్చేస్తే ఆలోచనలు పరిగెడుతున్నట్టే ఉంటుంది. మెలకువ తగ్గేకొద్దీ లింకులు తగ్గాలి, వాక్యాలు పొట్టివి కావాలి, మధ్యలో ఖాళీ పెరగాలి. 3 కిందికి దిగాక తెరమీద ఒకే లింకు ఉంటే చాలు.

ఫోన్ డబ్బా గురించి ఒక మాట. ఫోన్‌ను దుర్మార్గుణ్ణి చేయకండి. అందులో అమ్మ పదింటికి పెట్టిన మెసేజ్ ఉంచండి: ‘పొద్దున్నే లేవాలిగా, పడుకో నాన్నా.’ ఆ మెసేజ్ చదవడానికే ఫోన్ తీస్తాం. నలభై నిమిషాలు పోయేది ఆ తర్వాతే.

## 6. అక్షరాలు, రంగు, చప్పుడు

తెలుగులో ఈ గేమ్ చేసేవాళ్లకు ఇంగ్లీషు పాఠాల్లో దొరకని చిక్కు ఒకటుంది. అక్షరం తర్వాత అక్షరం టైపవుతున్నట్టు చూపించే ఎఫెక్ట్ వాడితే ‘స్త్రీ’ అన్నది ముందు ‘స’, తర్వాత ‘స్’, తర్వాత ‘స్త’… ఇలా కళ్లముందే గంతులేస్తుంది. చూడటానికి దయ్యం పట్టినట్టు ఉంటుంది. షుగర్‌క్యూబ్‌లోని ‘టైప్’ మ్యాక్రో జోలికి పోకండి. పదం పదంగా, లేదా వాక్యం వాక్యంగా మెల్లగా వెలిగేలా చేయండి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగును కూడా ముట్టుకోవద్దు.

- ఫాంట్: నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. రామభద్ర లాంటి లావు ఫాంట్లు శీర్షికకే.
- సైజు: ఫోన్‌లో 20 పిక్సెళ్లకు తగ్గకుండా.
- వరసల మధ్య దూరం: అక్షరం ఎత్తుకు 1.8 రెట్లు. లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి.
- రంగు: నల్లటి నలుపు మీద తెల్లటి తెలుపు వద్దు. ముదురు నీలం మీద లేత పసుపు చాలు. ఈ గేమ్‌ను చాలామంది లైటు ఆర్పాకే ఆడతారు.

చప్పుళ్లు మీ ఫోన్‌తోనే రికార్డు చేయండి. ఫ్యాన్‌ది ఒకటి, దూరంగా రైలు కూత ఒకటి, వీధిలో వాచ్‌మన్ విజిల్ ఒకటి. మూడు చాలు. బ్రౌజర్లు ఆటగాడు ఏదో ఒకటి నొక్కేదాకా శబ్దం మోగనివ్వవు. అందుకే మొదటి తెరమీద ‘లైటు ఆర్పేయాలి’ అనే లింకు పెట్టండి. అది నొక్కగానే ఫ్యాన్ చప్పుడు మొదలవుతుంది. హఠాత్తుగా పెద్ద శబ్దం ఎక్కడా వద్దు.

## 7. ముగింపులు మూడు చాలు

మొదటిది, నిద్ర పట్టడం. మెలకువ 1కి దిగాక ‘నిద్ర పట్టింది’ అని రాయకండి. నిద్ర పట్టిన సంగతి పట్టినవాడికి తెలియదు కదా. ఒక చెత్త ఆలోచన మొదలై, మధ్యలో తెగి, అలారం మోగాలి.

రెండోది, తెల్లారిపోవడం. టైమ్ 5:00 దాటితే కింద పాల ప్యాకెట్ల బండి ఆగుతుంది. దీన్ని శిక్షలా రాయొద్దు. మొహం కడుక్కుని, బస్సెక్కి, సీటులో కునుకు తీస్తూ వారధి దాటేస్తారు. నిద్ర లేకపోయినా ఇంటర్వ్యూకు వెళ్లొచ్చని చూపించడం ఈ గేమ్ చేయగలిగిన మంచి పనుల్లో ఒకటి.

మూడోది, మంచం దిగి కుర్చీలోనే నిద్రపోవడం. మెడ పట్టేస్తుంది. కాస్త నవ్వు రావాలి.

ఇంటర్వ్యూ ఫలితం ఏ ముగింపులోనూ చెప్పకండి. చెప్పారంటే గేమ్ ఉద్యోగం గురించి అయిపోతుంది.

## 8. ఆడించి చూడటం, తరచూ వచ్చే తప్పులు

నలుగురైదుగురితో ఆడించండి. ఇద్దరు పగలు, మిగతావాళ్లు రాత్రి పక్క మీద. పక్కన కూర్చుని సలహా ఇవ్వొద్దు. ఎక్కడ ఆగారో, ఎక్కడ చదవకుండా నొక్కేశారో రాసుకోండి.

అందరూ ఒకే దారిలో వెళ్తున్నారు. మంచం డబ్బాలో లింకుల వరస ఎప్పుడూ ఒకేలా ఉండి ఉంటుంది. పైనున్నదాన్నే నొక్కుతారు. వరస మారుస్తూ ఉండండి.

విసుగొచ్చిందంటున్నారు. నిద్ర పట్టని రాత్రి విసుగ్గానే ఉంటుంది గానీ గేమ్ అలా ఉండకూడదు. మంచం డబ్బాకు వచ్చిన ప్రతిసారీ ఒక్క కొత్త వివరమైనా కనబడాలి: దిండు తిప్పడం, దుప్పటి లోంచి కాలు బయటపెట్టడం.

గేమ్ ఆడాక ఉన్న నిద్ర కాస్తా ఎగిరిపోయిందంటున్నారు. పరుగు మరీ ఎక్కువైంది. టైమ్‌డ్ లింకుల మధ్య విరామం పెంచండి. వేగంగా నడిచే భాగం మొత్తం మీద మూడోవంతు దాటకూడదు.

సలహాల పుస్తకంలా ఉందంటున్నారు. డాబా మీదికెళ్లడం మంచిదని ఎక్కడో మీరే చెప్పేసి ఉంటారు. ఆ వాక్యం కొట్టేయండి. చల్లగాలి తగిలిందని రాస్తే చాలు. మే నెల కథ అయితే గుంటూరులో అర్ధరాత్రి డాబా ఇంకా కాలుతూనే ఉంటుంది, అదీ చూసుకోండి.

## 9. జాగ్రత్త మాటలు

మొదటి తెరమీద ఒక్క వరస పెట్టండి: ఇది నిద్రలేమి, ఆందోళన గురించిన గేమ్, ఎప్పుడైనా ఆపేయొచ్చు అని. నిద్రమాత్రలను ఒక ఎంపికగా పెట్టకండి. మాత్రల పేర్లు అసలే వద్దు.

ఇది వైద్యం కాదని చివరి తెరమీద రాయండి. వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలపాటు ఇలాగే ఉంటే డాక్టరును కలవాలి. ఆందోళన భరించలేనిదైతే అంతకాలం ఆగక్కర్లేదు. భారత ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. నంబరును నొక్కితే కాల్ వెళ్లేలా లింకు చేయండి.

## 10. బయటికి వదలడం

ట్వైన్‌లో ‘పబ్లిష్ టు ఫైల్’ నొక్కితే ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు వస్తుంది. దాని పేరు ‘ఇండెక్స్’గా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో మార్చి, శబ్దాల ఫైళ్లతో కలిపి జిప్ చేయండి. సొంతంగా చేసిన గేమ్‌లు పెట్టుకునే ఇచ్.ఐఓ (itch.io) సైట్‌లో ఖాతా తెరిచి, జిప్ ఎక్కించి, ‘బ్రౌజర్‌లో ఆడేది’ అని గుర్తు పెట్టండి.

వాట్సాప్‌లో ఫైలు పంపకండి, లింకు పంపండి. ఫైలుతో పాటు శబ్దాలు వెళ్లవు, కొన్ని ఫోన్లలో ఫైలు తెరుచుకోదు కూడా.

వదిలేముందు:
- పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకదాంట్లో ఒత్తులు సరిగా పడుతున్నాయా?
- శబ్దం ఆపే బటన్ మొదటి తెరమీదే ఉందా?
- మూడు ముగింపులకూ మీరే చేరి చూశారా?
- ట్వైన్‌లో ‘ఆర్కైవ్’ తీసి, కథ కాపీ ఇంకోచోట దాచారా?
- ఫోన్ బ్రైట్‌నెస్ బాగా తగ్గించినా అక్షరాలు కనిపిస్తున్నాయా?

మొదటి వారంలో అచ్చుతప్పులు చెప్పేవాళ్లు వస్తారు. వాటిని వెంటనే దిద్దండి. ‘ఇంకో ముగింపు పెట్టండి, ఉద్యోగం వచ్చినట్టు చూపించండి’ అనేవాళ్లూ వస్తారు. వాళ్లకు థాంక్స్ చెప్పండి, పెట్టకండి.